నీలి మూత

సూది తీసినంక ఐదు నిమిషాలు
దూది మీద నా బొటనవేలు ఉండాలె.
మామూలు మనుషులకు నిమిషం చాలు.
రక్తం పలచబడే గోళీలు మింగేటోళ్లకు
అంత చిన్న రంధ్రం కూడా తొందరగా మూసుకోదు.

అట్లా ఐదు నిమిషాలు నా చేతికి దొరికిన మనిషి
కూచన రాజనర్సు, అరవై రెండు,
కొత్తవాడ, జంపఖానాల మగ్గం.
గుండెపోటు వచ్చి ఇయ్యాల్టికి తొమ్మిదో రోజు.
మగ్గం మీదనే ఒరిగిపోయిండట,
పంజా మాత్రం చేతిల నుంచి జారలేదట.
వేళ్లు విడిపించుడే కష్టమైందని
భార్య సత్తెమ్మ
నాకు కాదు, గోడకు చెప్తున్నది.

"మొన్ననే తీసిన్రు గద బిడ్డా, మళ్లెందుకు?"

మొన్నటి సీసా గడ్డకట్టింది.
మూత పెట్టంగనే నాలుగుసార్లు మెల్లగా తిప్పాలె,
ఆ గడియలనే ఫోన్ మోగింది.
ఇది ఆయనకు చెప్పలేదు.
"మిషన్ల ఏదో తేడా వచ్చింది బాపూ" అన్న.
మిషన్ ఏమీ అనుకోదు.

"ఇంతకు ఇండ్ల ఏం జూస్తరు?"

నీలి మూత సీసాల ఓ మందు చుక్క ఉంటది,
రక్తాన్ని పేరనియ్యదు.
మిషన్ల పెట్టినంక మేమే కావాలని తోడేస్తం,
పాలకు తోడేసినట్టు.
ఎంతసేపట్ల పేరుతదో ఒక లెక్క.
పేరింది ఎంతసేపట్ల కరుగుతదో ఇంకో లెక్క.
హుమేరా మేడం రెండోదానికే కండ్లద్దాలు సవరిస్తది.
"పేరేటప్పుడు సన్నటి పోగులు పుడతయి బాపూ,
ఒకదాంట్ల ఒకటి అల్లుకుంటయి.
అల్లిక చిక్కగైతే, తొందరగా కరగదు."

పోగులనంగనే మనిషి లేవబోయిండు.
నొక్కి పట్టిన.
"నా నేత చిక్కగనే ఉంటది బిడ్డా.
చెంబెడు నీళ్లు వొయ్యి,
నా జంపఖానా మీద ముత్యాలోలె నిలుస్తయి,
కింద నేల తడవది.
ఎనుమాముల మార్కెట్ల సేట్లు సుత
నా దాని మీదనే కూసోని పైసలు లెక్కవెడ్తరు."

ఇప్పుడేం చెప్పాలె నేను?
నలభై ఏండ్లు ఏది పనితనమో
అదే నరంల జరిగితే ముప్పని?
చెప్పిన. సక్కగ చెప్పరాలేదు.
"చిక్కగుంటే ఇంకోపోటు వచ్చే..." అని
మధ్యలనే ఆపిన.

పంఖా దిక్కు చూసుకుంట పండుకున్నడు కొద్దిసేపు.
"అంటె లోపటోడు సుత నేతగాడే అన్నట్టు.
ఎప్పుడు చెయ్యాపాల్నో
వానికి ఎవ్వలు నేర్పలే."

వదులు చెయ్యుండ్రి మరి, అంటడేమో అనుకున్న.
వదులైతే చిగుళ్లల్ల నెత్తురు,
కడుపుల నెత్తురు, ఒక్కోసారి తలల.
అందుకే ఈ సీసా, ఎన్ని గోళీలో తేల్చేటందుకు.
నేను మాటలు వెతుక్కుంటుంటే
సత్తెమ్మ గోడను ఇడిచి ఇటు తిరిగింది.
"నిలువు పోగు లెక్క.
గుంజితె తెగుతది, ఇడిస్తె చిక్కువడ్తది."
పెండ్లైన కాడికెల్లి కండెలు చుట్టిన చేతులు,
కొంగుకు తుడుసుకుంట అన్నది.

"మళ్ల వస్తదా రాదా? అదన్న చెప్తదా నీ సీసా?"

చెప్పదు.
వందమందిల ఇంతమందికి వస్తదంటది.
ఆ ఇంతమందిల నువ్వున్నవా,
పదకొండో మంచమాయన ఉన్నడా, అనదు.

"వంద పోగులల్ల ఏది తెగుతదో
నాకు మాత్రం ఎర్కనా?
ఎర్కున్నట్టు కూసుంటం గని."

దూది లేపి చూసిన.
ఆగింది. ఆవగింజంత ఎర్రచుక్క, పేరుకొని.
గడ్డకట్టొద్దని ఇన్ని గోళీలు మింగిన రక్తం
ఈ ఒక్క కాడ గడ్డకట్టినందుకు
నాకెందుకో పాణం నిమ్మలమైంది.

సీసా ఈసారి ముందుగాలనే తిప్పి పెట్టిన,
నాలుగుసార్లు. ఫోన్ మోగితే మోగనిచ్చిన.
ట్రాలీ చక్రం ఒకటి కిర్రుమంటది,
నూనె వెయ్యాల్నని రోజూ అనుకుంట.
పన్నెండో మంచం.